లైవ్ ఆపకుండా పెద్ద డేటాబేస్‌ను కొత్త క్లస్టర్‌లోకి ఎలా తీసుకెళ్లాలి

బెంగళూరులో డేటాబేస్ పని చేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ... ఏ ఆఫీసుకు వెళ్లినా టీమ్‌లో ఒక అనంతపురం అబ్బాయో, గుంటూరు అమ్మాయో ఉంటారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఇదే: "అన్నా, డేటాబేస్ వందల జీబీ ఉంది. కొత్త సర్వర్‌కి మార్చమంటున్నారు. యాప్ మాత్రం ఆగకూడదట. ఎలా చేయాలి?"

చేయొచ్చు. గంటలు, రోజులు పట్టే పనంతా యూజర్లకు తగలని చోట ముందే పూర్తిచేసుకోవాలి. లైవ్ మీద చేయాల్సింది చివరికి కొన్ని సెకన్ల పని మాత్రమే మిగలాలి. ఆ కొన్ని సెకన్లలో కూడా యూజర్‌కి ఎర్రర్ కనపడకూడదు, పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకోవాలి, అంతే. ఇక్కడ చెప్పేదంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించే. సెట్టింగుల పేర్లు పలికే తీరులో రాస్తున్నాను. ఫైల్లో మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయని గుర్తుంచుకోండి.

ముందు మీ దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకోండి

పోస్ట్‌గ్రెస్‌లో క్లస్టర్ అంటే ఒక డేటా డైరెక్టరీ, దాన్ని నడిపే ఒక సర్వర్ ప్రాసెస్, దానికో పోర్ట్. లోపల ఎన్ని డేటాబేసులైనా ఉండొచ్చు. యూజర్ అకౌంట్లు, వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్), షేర్డ్ బఫర్లు (డేటాను పట్టి ఉంచే మెమరీ) ఆ క్లస్టర్‌లోని డేటాబేసులన్నిటికీ ఉమ్మడి. రీస్టార్ట్ చేస్తే అన్నీ కలిసే ఆగుతాయి. అందుకే పేమెంట్ల డేటాబేస్‌ను, రాత్రంతా రిపోర్టులు నడిచే డేటాబేస్‌ను ఒకే క్లస్టర్‌లో పెట్టకండి. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడుతుంది.

ఉబుంటు, డెబియన్ మెషిన్లలో 'పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్' అనే కమాండ్ ఉంది. ఆ మెషిన్ మీదున్న ప్రతి క్లస్టర్ వెర్షన్, పేరు, పోర్ట్, నడుస్తోందా లేదా, డేటా డైరెక్టరీ ఎక్కడ, లాగ్ ఫైల్ ఎక్కడ అన్నీ చూపిస్తుంది. మొదటి క్లస్టర్‌కి మామూలుగా 5432, తర్వాతి దానికి 5433 వస్తాయి. ఈ వివరాలన్నీ ఒక షీట్‌లో రాసుకోండి. పక్కనే ఇంకో మూడు కాలమ్‌లు పెట్టండి: ఈ క్లస్టర్‌ను వాడే యాప్ ఏది, బ్యాకప్ ఎక్కడికి వెళ్తోంది, సమస్య వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. చివరి కాలమ్ ఖాళీగా ఉన్న క్లస్టర్ ఏదైనా కనపడితే, మిగతా పనులకంటే ముందు దానికి ఒక మనిషిని వెతకండి.

క్లస్టర్లు ఎక్కువయ్యేకొద్దీ పెరిగే ప్రమాదం డిస్క్ పోవడం కాదు. టెస్ట్ అనుకుని ప్రొడక్షన్‌లో కమాండ్ కొట్టడం. దీన్ని జాగ్రత్త ఒక్కదానికే వదిలేయకూడదు, స్క్రీన్ మీద కనపడేలా చేయాలి. పీ ఎస్‌క్యూఎల్ (కమాండ్లు కొట్టే పోస్ట్‌గ్రెస్ టూల్) ప్రాంప్ట్‌లో హోస్ట్, పోర్ట్, డేటాబేస్ పేరు వచ్చేలా పెట్టుకోండి. ప్రొడక్షన్ అయితే ప్రాంప్ట్ ఎరుపు రంగులో ఉండాలి. ప్రతి క్లస్టర్‌లో 'క్లస్టర్ నేమ్' సెట్టింగ్ నింపండి, అప్పుడు ప్రాసెస్‌ల లిస్టులో కూడా పేరు పడుతుంది. కనెక్షన్ వివరాలను చేత్తో టైప్ చేయకుండా సర్వీస్ ఫైల్లో పేర్లు పెట్టి పిలవండి. పాస్‌వర్డ్ ఫైల్‌కి పర్మిషన్ 0600 ఉండాలి, లేకపోతే క్లయింట్ దాన్ని పట్టించుకోదు.

మెమరీ లెక్క కూడా ఇప్పుడే చూడండి. షేర్డ్ బఫర్స్‌కి మెషిన్ మెమరీలో 25 శాతం ఇమ్మని చెప్పే సలహా, ఆ మెషిన్ మీద ఒకే క్లస్టర్ ఉన్నప్పటిది. 64 జీబీ మెషిన్ మీద నాలుగు క్లస్టర్లు పెట్టి ఒక్కోదానికి 16 జీబీ ఇస్తే ఇంకేమీ మిగలదు. ఏదో ఒక రోజు లినక్స్ కెర్నల్ మెమరీ చాలక ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆ 25 శాతాన్నే నాలుగూ పంచుకోవాలి.

వెర్షన్ల సంగతి. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో చిన్న అప్‌డేట్లు వస్తాయి. పెద్ద వెర్షన్ ఏడాదికొకటి, ఒక్కోదానికి ఐదేళ్ల సపోర్ట్. 13 వెర్షన్ సపోర్ట్ 2025 నవంబరుతో ముగిసింది. ఇంకా దాని మీదే ఉన్న క్లస్టర్ మీ షీట్‌లో ఉంటే, ఈ మార్పు మొదలుపెట్టాల్సింది దానితోనే.

ఏ దారిలో వెళ్లాలి

వెర్షన్ మారట్లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అదే అనుకోండి. అప్పుడు స్ట్రీమింగ్ రెప్లికేషన్ (వాల్‌ను ఎప్పటికప్పుడు ఇంకో మెషిన్‌కి పంపి అక్కడ నకలు నిలపడం) చాలు. 'పీజీ బేస్ బ్యాకప్'తో కొత్త మెషిన్ మీద స్టాండ్‌బై (వెంట నడిచే నకలు క్లస్టర్) తయారుచేసి, అది పాతదాన్ని అందుకున్నాక ప్రమోట్ చేయాలి, అంటే దాన్నే అసలు క్లస్టర్‌గా మార్చాలి. ఇందులో డేటా ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి కాబట్టి సీక్వెన్సులు (వరస నంబర్లు ఇచ్చేవి), యూజర్లు, ఇండెక్సులు అన్నీ వెంట వస్తాయి. ఒక్క హెచ్చరిక: పాత లినక్స్ నుంచి కొత్త లినక్స్‌కి ఇలా తీసుకెళ్లకండి. లినక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ 2.28 వెర్షన్‌లో అక్షరాల క్రమం మారింది. పాత క్రమంలో కట్టిన టెక్స్ట్ ఇండెక్సులను కొత్త క్రమంలో చదివితే, ఉన్న రో కూడా దొరకదు, యూనిక్ ఉండాల్సిన చోట రెండు రోలు చేరతాయి. ఎర్రర్ ఏమీ రాదు, అదే అసలు భయం.

వెర్షన్ మారుతున్నా, లినక్స్ మారుతున్నా లాజికల్ రెప్లికేషన్ వాడాలి. అది 2017లో 10 వెర్షన్‌తో పోస్ట్‌గ్రెస్‌లోనే భాగమైంది. పాత క్లస్టర్‌లో పబ్లికేషన్ (ఏ టేబుళ్ల మార్పులు పంపాలో చెప్పేది), కొత్తదాంట్లో సబ్‌స్క్రిప్షన్ (వాటిని తీసుకునేది) పెడతాం. మొదట టేబుళ్లన్నీ కాపీ అవుతాయి, ఆ తర్వాత జరిగే ప్రతి మార్పూ వెంటవెంటనే వస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

డేటా మారదు, ఎవరో ఇచ్చిన పెద్ద డంప్ (డేటాబేస్‌ను ఫైళ్లుగా తీసిన కాపీ) లోడ్ చేస్తే చాలు అంటే పని తేలిక. కొత్త క్లస్టర్‌లో 'పీజీ రీస్టోర్'ను ఎక్కువ జాబ్‌లతో నడిపించండి. డంప్ తీసేటప్పుడు డైరెక్టరీ ఫార్మాట్ అడగండి. డంప్ కూడా సమాంతరంగా తీయాలంటే అదొక్కటే దారి.

పాత క్లస్టర్‌లో చేయాల్సిన సిద్ధం

'వాల్ లెవెల్' లాజికల్‌గా ఉండాలి. ఇది మార్చాలంటే రీస్టార్ట్ తప్పదు. మొత్తం పనిలో లైవ్ క్లస్టర్‌ను రీస్టార్ట్ చేయాల్సింది ఇక్కడొక్కచోటే. దీన్ని మార్పు రోజుకు అట్టిపెట్టుకోకండి. కొన్ని వారాల ముందు, చిన్న అప్‌డేట్ వేయడానికి ఎలాగూ రీస్టార్ట్ చేస్తారు కదా, అప్పుడే కలిపి చేసేయండి.

తర్వాత ప్రైమరీ కీ లేని టేబుళ్ల లిస్టు తీయండి. ఇది చాలామంది దాటేసే మెట్టు, కానీ యాప్‌ను నేరుగా పడగొట్టగలిగేది ఇదే. ప్రైమరీ కీ లేని టేబుల్‌ను పబ్లికేషన్‌లో చేర్చిన మరుక్షణం నుంచి, పాత క్లస్టర్‌లోనే ఆ టేబుల్ మీద అప్‌డేట్లు, డిలీట్లు ఎర్రర్ ఇవ్వడం మొదలవుతుంది. ఇన్‌సర్ట్‌లు మాత్రం నడుస్తుంటాయి, అందుకే వెంటనే బయటపడదు. 'అన్ని టేబుళ్లకీ' అని పబ్లికేషన్ పెడితే ఎప్పుడో మరిచిపోయిన లాగ్ టేబుల్ కూడా అందులోకి వచ్చేస్తుంది. కీ పెట్టగలిగితే పెట్టండి. నల్ విలువలు రాని కాలమ్‌ల మీద యూనిక్ ఇండెక్స్ ఉంటే దాన్నే రెప్లికా ఐడెంటిటీగా (మారిన రో ఏదో అవతల గుర్తుపట్టడానికి వాడేది) చూపించండి. ఏదీ కుదరకపోతే ఐడెంటిటీ 'ఫుల్' అని పెట్టొచ్చు కానీ, పెద్ద టేబుల్‌కి అది బాగా నెమ్మది. అవతల ఒక్కో మార్పుకీ రో కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

లాజికల్ రెప్లికేషన్‌లో వెంట రానివి ఏవో కూడా ముందే రాసుకోండి. టేబుల్ ఆకారంలో మార్పులు రావు. అంటే మొదలుపెట్టిన రోజు నుంచి మార్పు పూర్తయ్యేదాకా డెవలపర్లు కొత్త కాలమ్‌లు కలపకూడదు. ఈ మాట రిలీజ్ చూసే మేనేజర్‌తో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. సీక్వెన్సుల విలువలు రావు. లార్జ్ ఆబ్జెక్ట్‌లు (డేటాబేస్‌లో విడిగా దాచే పెద్ద ఫైళ్లు) రావు. మెటీరియలైజ్డ్ వ్యూల్లోని (క్వెరీ ఫలితాన్ని దాచి ఉంచే వ్యూలు) డేటా రాదు, అక్కడ రిఫ్రెష్ చేసుకోవాలి. యూజర్ అకౌంట్లను 'పీజీ డంప్ ఆల్'లో గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా తీసుకెళ్లాలి, ఎందుకంటే మామూలు 'పీజీ డంప్'లో అవి ఉండవు.

ఇక డిస్క్. లాజికల్ రెప్లికేషన్ మొదలైతే పాత క్లస్టర్‌లో రెప్లికేషన్ స్లాట్ ఒకటి ఏర్పడుతుంది. కొత్త క్లస్టర్ ఇంకా తీసుకోని వాల్ ఫైళ్లను ఆ స్లాట్ పారేయనివ్వదు. అవతలి మెషిన్ శుక్రవారం రాత్రి ఆగిపోయి సోమవారం దాకా ఎవరూ చూడకపోతే, లైవ్ మెషిన్ డిస్క్ నిండి లైవ్ క్లస్టరే కూర్చుంటుంది. 13 వెర్షన్ నుంచి 'మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్' అనే సెట్టింగ్ ఉంది. డిఫాల్ట్‌గా దానికి హద్దు లేదు. మీరు తప్పకుండా ఒక హద్దు పెట్టండి, మీ ఖాళీ డిస్క్‌లో సగానికి మించకుండా. హద్దు దాటితే స్లాట్ చెల్లకుండా పోతుంది, మీరు కాపీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. చేసుకుందాం. లైవ్ పడిపోవడం కంటే అది ఎన్నో రెట్లు నయం.

కొత్త క్లస్టర్‌లోకి లోడ్

కొత్త క్లస్టర్ కట్టేటప్పుడు డేటా చెక్‌సమ్స్ (డిస్క్ మీద డేటా పాడైతే పట్టించే సంఖ్యలు) ఆన్ చేయండి. 18 వెర్షన్ నుంచి అవి డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటాయి. అంతకు ముందు వెర్షన్ అయితే మీరే అడగాలి. ఎన్‌కోడింగ్, లొకేల్ పాతదానితో సరిపోయాయో చూడండి.

లోడ్ జరిగేంతసేపు కొన్ని సెట్టింగులు పెంచుకోవాలి. 'మ్యాక్స్ వాల్ సైజ్' డిఫాల్ట్ 1 జీబీ. పెద్ద లోడ్‌లో అది నిమిషాల్లో నిండిపోయి చెక్‌పాయింట్ల (మెమరీలోని మార్పులను డిస్క్‌కి దించే పని) మీద చెక్‌పాయింట్లు పడతాయి. డిస్క్‌ను బట్టి 50 జీబీ, 100 జీబీ ఇవ్వండి. 'చెక్‌పాయింట్ టైమౌట్' 5 నిమిషాల నుంచి 30 నిమిషాలకు మార్చండి. 'మెయింటెనెన్స్ వర్క్ మెమ్' డిఫాల్ట్ 64 ఎంబీ. ఇండెక్సులు కట్టడానికి 1 లేదా 2 జీబీ చేయండి. 'సింక్రనస్ కమిట్' ఆపొచ్చు, క్లస్టర్ పడిపోతే చివరి కొన్ని కమిట్లు పోతాయి, డేటా పాడవదు. 'ఎఫ్‌సింక్' (రాసింది నిజంగా డిస్క్‌కి చేరేలా చూసే సెట్టింగ్) ఆపమని చెప్పేవాళ్లూ ఉంటారు. నేను ఆపను, మీరూ ఆపకండి. లోడ్ మధ్యలో కరెంట్ పోతే క్లస్టర్ మొత్తం పారేయాల్సి వస్తుంది. పైగా లోడ్ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతే ఆ ముప్పు లైవ్‌లోకి వస్తుంది.

డంప్‌ను మూడు ముక్కలుగా తీసుకోవడం నేర్చుకోండి. 'పీజీ డంప్'లో సెక్షన్ ఆప్షన్ ఉంది: ప్రీ డేటా, డేటా, పోస్ట్ డేటా. ప్రీ డేటాలో ఖాళీ టేబుళ్లు, ఫంక్షన్లు, టైపులు ఉంటాయి. ఇండెక్సులు, ఫారిన్ కీలు, ట్రిగ్గర్లు పోస్ట్ డేటాలో ఉంటాయి. ముందు ప్రీ డేటా ఎక్కించండి. దాని వెనకే ప్రైమరీ కీలు మాత్రం పెట్టండి, ఎందుకంటే కాపీ అవ్వగానే వచ్చే అప్‌డేట్లకు అవి కావాలి. మిగతా ఇండెక్సులేవీ ఇప్పుడు వద్దు. ఇండెక్సులున్న టేబుల్‌లోకి లోడ్ చేస్తే ప్రతి రోకీ ప్రతి ఇండెక్స్‌నీ సవరించాలి; లోడ్ అయ్యాక కడితే ఒక్కసారి సార్ట్ చేసి ముగిస్తుంది. పెద్ద టేబుళ్ల మీద ఈ తేడా గంటల్లో ఉంటుంది.

ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ పెట్టండి. ఒకేసారి ఎన్ని టేబుళ్లు కాపీ అవ్వాలో 'మ్యాక్స్ సింక్ వర్కర్స్ పర్ సబ్‌స్క్రిప్షన్' చెబుతుంది, డిఫాల్ట్ 2. దీన్ని 4కో 6కో పెంచినప్పుడు 'మ్యాక్స్ లాజికల్ రెప్లికేషన్ వర్కర్స్' కూడా పెంచాలి, దాని డిఫాల్ట్ 4 మాత్రమే. ఎంత పెంచినా ఒక్కో టేబుల్‌కి పనిచేసేది ఒక్క ప్రాసెసే. కాబట్టి మొత్తం సమయాన్ని నిర్ణయించేది మీ అతి పెద్ద టేబుల్. 600 జీబీ డేటా, మధ్యలో 1 గిగాబిట్ నెట్‌వర్క్ ఉందంటే, లైన్ పూర్తిగా మీకే దొరికినా గంటన్నర పడుతుంది. నిజంలో దానికి రెండు మూడు రెట్లు వేసుకోండి.

కాపీ నడుస్తున్నంతసేపు పాత క్లస్టర్‌లో ఒక పెద్ద ట్రాన్సాక్షన్ తెరిచి ఉన్నట్టే. అది ముగిసేదాకా వ్యాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ శుభ్రం చేసే పని) చచ్చిన రోలను, అంటే అక్కర్లేని పాత రో కాపీలను, తీసేయలేదు. తరచుగా అప్‌డేట్ అయ్యే టేబుళ్లు ఉబ్బుతాయి. అందుకే అన్నీ ఒకే పబ్లికేషన్‌లో కుమ్మరించకుండా, పెద్ద టేబుళ్లకు విడిగా ఒక పబ్లికేషన్, చిన్నవన్నిటికీ కలిపి ఒకటి పెట్టి, వేర్వేరు రాత్రుల్లో మొదలుపెట్టడం మంచిది. రాత్రి అనగానే ఖాళీ అనుకోకండి. మీ రిపోర్టుల బ్యాచ్ 2 గంటలకు మొదలవుతుందేమో గ్రాఫ్‌లో చూసుకోండి. టేబుళ్లు మరీ పెద్దవైతే ఇంకో దారి ఉంది. 17 వెర్షన్ నుంచి 'పీజీ క్రియేట్ సబ్‌స్క్రైబర్' అనే టూల్ స్టాండ్‌బైని నేరుగా లాజికల్ సబ్‌స్క్రైబర్‌గా మార్చేస్తుంది, మొదటి కాపీ అవసరమే ఉండదు.

కాపీ ఎంతవరకు వచ్చిందో 14 వెర్షన్ నుంచి 'పీజీ స్టాట్ ప్రోగ్రెస్ కాపీ' వ్యూలో కనపడుతుంది. అన్ని టేబుళ్లూ సింక్ అయ్యాక పోస్ట్ డేటాను 'పీజీ రీస్టోర్'తో ఎక్కువ జాబ్‌లు ఇచ్చి ఎక్కించండి. ఇక్కడ యూజర్లు ఎవరూ లేరు కాబట్టి మామూలు ఇండెక్స్ చాలు, కాంకరెంట్‌గా (టేబుల్‌లోకి రాతలు ఆపకుండా) కట్టక్కర్లేదు. ఇండెక్స్ కడుతున్నంతసేపు ఆ టేబుల్‌కి వచ్చే మార్పులు ఆగుతాయి, వెనకబాటు (కొత్త క్లస్టర్ పాతదానికి ఎంత వెనక ఉందో) పెరుగుతుంది. స్లాట్ హద్దు మీద ఒక కన్నుంచండి. అంతా అయ్యాక అనలైజ్ (టేబుళ్ల గణాంకాలు సేకరించే కమాండ్) తప్పనిసరి. గణాంకాలు లేని కొత్త క్లస్టర్ చక్కటి ఇండెక్సులున్నా తప్పు ప్లాన్లు వేస్తుంది. "కొత్త వెర్షన్ స్లో" అని మార్పు రోజు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. లోడ్ కోసం మార్చిన సెట్టింగులన్నీ వెనక్కి తెచ్చి, బ్యాకప్ ఒకటి తీసి, దాన్ని వేరే చోట రీస్టోర్ చేసి చూడండి.

లైవ్‌లోనే పెద్ద టేబుల్ చేర్చాల్సి వస్తే

కొన్నిసార్లు క్లస్టర్ మారదు, ఉన్న డేటాబేస్‌లోకే కోట్ల రోలు ఎక్కించాలి. టేబుల్ పార్టిషన్లుగా (విడి ముక్కలుగా) ఉంటే మీ పని సగం అయినట్టే. విడిగా ఒక టేబుల్ చేసి, కాపీ కమాండ్‌తో లోడ్ చేసి, ఇండెక్సులు కట్టి, పార్టిషన్ హద్దులకు సరిపోయే చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, అప్పుడు అటాచ్ చేయండి. ఆ కన్‌స్ట్రెయింట్ ఉంటే అటాచ్ చేసేటప్పుడు టేబుల్ మొత్తం మళ్లీ చదవదు, క్షణంలో అయిపోతుంది. డిఫాల్ట్ పార్టిషన్ ఉంటే మాత్రం దాన్ని చదువుతుంది, జాగ్రత్త.

లైవ్ టేబుల్ మీద ఇండెక్స్ కావాలంటే కాంకరెంట్‌గానే కట్టండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఫారిన్ కీని 'నాట్ వ్యాలిడ్'గా (ఉన్న రోలను అప్పుడే సరిచూడకుండా) చేర్చి, తర్వాత విడిగా వ్యాలిడేట్ చేయండి.

టేబుల్ ఆకారం మార్చే ఏ కమాండ్‌కైనా ముందు 'లాక్ టైమౌట్' 2, 3 సెకన్లు పెట్టండి. ఎవరో పెద్ద రిపోర్ట్ నడుపుతున్నారు, మీ కమాండ్ దాని వెనక లాక్ కోసం ఆగింది. అంతవరకూ పర్వాలేదు. కానీ మీ తర్వాత వచ్చిన మామూలు సెలెక్ట్‌లు కూడా మీ వెనకే ఆగిపోతాయి. సిల్క్ బోర్డ్ దగ్గర మలుపు తిరగడానికి ఒక లారీ ఆగితే, నేరుగా వెళ్లాల్సిన బైకులన్నీ దాని వెనక నిలబడినట్టు. టైమౌట్ ఉంటే మీ కమాండ్ తప్పుకుంటుంది, ట్రాఫిక్ కదులుతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు.

మార్పు రోజు

యాప్ నేరుగా పోస్ట్‌గ్రెస్‌కి కనెక్ట్ అవుతుంటే ఇక్కడ చెప్పేది కుదరదు. మధ్యలో పీజీబౌన్సర్ (యాప్ కనెక్షన్లను తన దగ్గర పట్టి పోస్ట్‌గ్రెస్‌కి పంపే టూల్) ఉండాలి, అదీ కొన్ని వారాల ముందు నుంచే, ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో (ట్రాన్సాక్షన్ నడిచేంతసేపే సర్వర్ కనెక్షన్ ఇచ్చే పద్ధతి) అలవాటుపడి ఉండాలి. యాప్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసి పెట్టుకునే క్వెరీలు) వాడుతుంటే పీజీబౌన్సర్ 1.21 లేదా ఆ తర్వాతి వెర్షన్ తీసుకోండి.

రోజు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. శుక్రవారం రాత్రి వద్దు. మన టీమ్‌లో సగం మంది మడివాళలోనో మారతహళ్లిలోనో ఊరి బస్సు ఎక్కుతుంటారు. సమస్య వచ్చేసరికి హైవే మీద సిగ్నల్ దొరకని చోట ఉంటారు. సంక్రాంతి, ఉగాది, దసరా వారాలూ అంతే. మంగళవారమో బుధవారమో తెల్లవారుజామున 5 గంటలకు పెట్టండి. ట్రాఫిక్ తక్కువ ఉంటుంది, ఏదైనా తేడా వస్తే రోజంతా మనుషులు అందుబాటులో ఉంటారు. ఇద్దరు కూర్చోండి: ఒకరు రన్‌బుక్‌లోని (చేయాల్సిన మెట్లన్నీ వరసగా రాసిన కాగితం) లైన్ పైకి చదవాలి, ఇంకొకరు కొట్టాలి. టీమ్‌లో కన్నడ, తమిళ వాళ్లు ఉంటే మనలో మనం తెలుగులో మాట్లాడేసుకోకుండా, ప్రతి అడుగూ గ్రూప్‌లో అందరికీ అర్థమయ్యేలా రాయండి. ఎవరికీ చెప్పకుండా జరిగిన అడుగే తర్వాత తలనొప్పి తెస్తుంది.

పాజ్ చేసే ముందు మూడు చూడాలి. వెనకబాటు దాదాపు సున్నాకి రావాలి. పాత క్లస్టర్‌లో నిమిషాల తరబడి నడుస్తున్న ట్రాన్సాక్షన్ ఏదీ ఉండకూడదు. పీజీబౌన్సర్ దాటి నేరుగా వచ్చే కనెక్షన్లు, అంటే క్రాన్ జాబ్‌లు, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో తెరిచి ఉంచిన పీజీ అడ్మిన్, ఇవన్నీ మూసేసి, మళ్లీ రాకుండా, ఎవరు కనెక్ట్ అవ్వొచ్చో చెప్పే హెచ్‌బీఏ ఫైల్లో ఆపాలి. అవి ఒక్క రో రాసినా అది పాతదాంట్లోనే ఉండిపోతుంది. రెప్లికేషన్ యూజర్ లైన్ మాత్రం తీసేయకండి. ముఖ్యమైన టేబుళ్లను 'పీజీ ప్రీవార్మ్'తో కొత్త క్లస్టర్ మెమరీలోకి ఎక్కిస్తే మొదటి నిమిషాల్లో నెమ్మది తగ్గుతుంది. మెటీరియలైజ్డ్ వ్యూలు ఇప్పుడే రిఫ్రెష్ చేయండి.

ఆ తర్వాత వరస ఇది. పీజీబౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో ఆ డేటాబేస్‌ను పాజ్ చేయండి. నడుస్తున్న ట్రాన్సాక్షన్లు ముగుస్తాయి, కొత్తవి క్యూలో నిలబడతాయి. పాత క్లస్టర్‌లో ప్రస్తుత వాల్ స్థానం ఎంతో చదివి, కొత్తది ఆ స్థానం దాటిందని స్లాట్ వ్యూలో చూసుకోండి. సీక్వెన్సులన్నిటికీ పాత విలువ మీద కొంత అదనం కలిపి సెట్ చేసే స్క్రిప్ట్ నడపండి. ఇది మర్చిపోతే మొదటి ఇన్‌సర్టే డూప్లికేట్ కీ అని ఆగిపోతుంది. సబ్‌స్క్రిప్షన్ తీసేయండి, దాంతోపాటు పాతదాంట్లో స్లాట్ కూడా పోతుంది.

ఇప్పుడు ఎదురు దారి వేయాలి. కొత్త క్లస్టర్‌లో ముందే తయారుగా పెట్టుకున్న పబ్లికేషన్‌కి, పాత క్లస్టర్ నుంచి సబ్‌స్క్రిప్షన్ పెట్టండి, 'కాపీ డేటా' ఆపి. డేటా రెండు చోట్లా ఒకటే కాబట్టి కాపీ అక్కర్లేదు, ఇక్కడి నుంచి జరిగే మార్పులు మాత్రం వెనక్కి వెళ్తుంటాయి. యూజర్ల రాతలు మొదలవ్వకముందే ఇది పెట్టాలి. గంట తర్వాత కొత్తదాంట్లో ఏదైనా పెద్ద సమస్య బయటపడితే, డేటా పోకుండా పాతదానికి తిరిగి రాగలిగేది ఈ దారి ఉంటేనే. టైమ్ లేదని ఈ మెట్టు వదిలేయాలనిపిస్తే ఆ రోజు మార్పు ఆపేయండి.

చివరగా పీజీబౌన్సర్ కాన్ఫిగ్‌లో హోస్ట్, పోర్ట్ మార్చి, రీలోడ్, ఆపైన రెజ్యూమ్. క్యూలో ఉన్నవన్నీ కొత్త క్లస్టర్ మీద నడుస్తాయి.

పాజ్ నుంచి రెజ్యూమ్ దాకా ఎంతసేపు? పీజీబౌన్సర్ డిఫాల్ట్‌గా క్యూలో ఉన్నవాళ్లను 120 సెకన్లు ఆగనిస్తుంది, ఆపైన కనెక్షన్ తెంచేస్తుంది. కానీ యాప్ టైమౌట్ అంతకంటే తక్కువే ఉంటుంది, చాలా చోట్ల 30 సెకన్లు. కాబట్టి 20 సెకన్లు దాటితే ఆగిపోయి, పాతదాని మీదే రెజ్యూమ్ కొట్టాలని ముందే రాసుకోండి. ఇది సబ్‌స్క్రిప్షన్ తీసేయకముందు తీసుకోవాల్సిన నిర్ణయం. ఈ వరసంతా స్క్రిప్టులుగా ఉండాలి, ఒకే సైజు డేటాతో టెస్ట్ క్లస్టర్ల మధ్య నడిపి చూసి ఉండాలి. చేత్తో టైప్ చేస్తూ 20 సెకన్లలో ముగించడం ఎవరి వల్లా కాదు.

తర్వాత వారం

మొదటి గంట ఎర్రర్ లాగ్, నెమ్మది క్వెరీలు చూస్తూ ఉండండి. 'పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్'లో పాత క్లస్టర్ లెక్కలు ముందే తీసిపెట్టుకుంటే ఏ క్వెరీ ప్లాన్ మారిందో వెంటనే పోల్చొచ్చు. ముఖ్యమైన టేబుళ్లలో రోల సంఖ్య, నిన్నటి రోజు మొత్తాలు రెండు చోట్లా సరిపోయాయో లేదో, పేమెంట్ల టీమ్‌తో కలిసి చూడండి. డేటా అర్థం తెలిసినవాళ్ల కంటికి మనకు కనపడనివి కనపడతాయి. మానిటరింగ్, బ్యాకప్, అలర్ట్‌లు కొత్త పోర్ట్‌ని చూస్తున్నాయా అన్నది ఆ రోజే సరిచూసుకోవాలి.

ఎదురు రెప్లికేషన్‌ను కనీసం ఒక వారం, వీలైతే నెలాఖరు రిపోర్టులు ఒకసారి నడిచేదాకా ఉంచండి. దాని స్లాట్ ఇప్పుడు కొత్త క్లస్టర్‌లో ఉంది కాబట్టి వాల్ హద్దు, అలర్ట్ అక్కడ కూడా పెట్టాలి. అక్కర్లేదని తేలాక సబ్‌స్క్రిప్షన్ తీసేసి, స్లాట్ నిజంగా పోయిందో లేదో చూడండి. పాత క్లస్టర్ చివరి బ్యాకప్ తీసి, ఆపి, కొన్నాళ్లు ఆపినట్టే ఉంచండి. దాన్నే ఇంకా వాడుతున్న జాబ్ ఏదైనా ఉంటే ఈలోగా ఫెయిలై బయటపడుతుంది. ఆ తర్వాతే 'పీజీ డ్రాప్ క్లస్టర్'. ఆ కమాండ్ డేటానీ కాన్ఫిగ్‌నీ రెండిటినీ తుడిచేస్తుంది కాబట్టి, వెర్షన్, పేరు టైప్ చేశాక ఎంటర్ కొట్టే ముందు పక్కన కూర్చున్నవాళ్లతో ఒకసారి చదివించండి.